మా అబ్బాయి స్నేహితుడి మీద ఫిర్యాదు చేశాను, తప్పు చేశానా?

ప్రశ్న: మాది గుంటూరు. పదిహేడేళ్లుగా ఒహాయోలో, కొలంబస్ దగ్గర ఉంటున్నాం. గ్రీన్ కార్డు ఇంకా క్యూలోనే ఉంది. మా అబ్బాయికి పదహారేళ్లు. వాడి స్నేహితుడొకడు, తెల్లవాళ్ల పిల్లాడు, ఆరో క్లాసు నుంచి సగం మా ఇంట్లోనే పెరిగాడు. నేను వేసే ఉల్లి దోసె అంటే పడి చస్తాడు. ఏడాదిగా ఆ పిల్లాడిలో ఏదో తేడా వచ్చింది. గేమ్ ఆడుతూ చాట్‌లో, న్యూజిలాండ్ మసీదుల్లో కాల్పులు జరిపినవాణ్ణి ‘సెయింట్’ అంటున్నాడట. పోయిన వారం కారులోంచి మా ఊరి మసీదు పార్కింగ్ ఫోటో తీసి, కింద ‘శుక్రవారం హౌస్‌ఫుల్’ అని రాసి పెట్టాడు. వాళ్ల బాబాయి ఇంట్లో తుపాకులున్న సంగతి మాకు తెలుసు. మావాడు ఏడుస్తూ తెచ్చి చూపించాడు. మావారేమో “వీసా మీద ఉన్నాం, మనకెందుకీ గొడవ? అయినా వాడంటున్నది వాళ్లని, మనల్ని కాదుగా” అంటున్నారు. ఆ పిల్లాడి తల్లి నాకు మంచి స్నేహితురాలు. ముందు ఆవిడకి ఫోన్ చేసి చెప్పనా? పిల్లలేదో వాగుతారని వదిలేయనా?
— ఒక తల్లి

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం మంగళవారం రాత్రి చేరింది. వరసలో పెట్టి మూడు వారాలకు అచ్చు వేసే ఉత్తరం కాదది. అందుకే ఆ రాత్రే నాలుగు ముక్కలు మెయిల్ చేశాను. స్క్రీన్‌షాట్లు తీసి దాచండి, ఎవరితోనూ చర్చ పెట్టకండి, స్కూళ్ల కోసం మీ రాష్ట్రంలో ఉన్న సేఫర్ ఒహాయో టిప్ లైన్‌కి (ఇలాంటి అనుమానాలు చెప్పుకునే నంబరు) వెంటనే ఫోన్ చేయండి, తెల్లారగానే స్కూల్లో చెప్పండి, పిల్లాడు తుపాకీ పట్టుకుని బయల్దేరాడని తెలిస్తే మాత్రం ఇవేవీ కాదు, నేరుగా 911 అని. బుధవారం మధ్యాహ్నానికి మీ జవాబు వచ్చింది. చేతులు వణుకుతూనే అన్నీ చేశారు. ఆ జవాబు చదివాకే నేను అన్నం తిన్నాను.

అయితే అందులో మీరు కొత్త దిగుళ్లు రాశారు. పిల్లాడి బతుకు పాడు చేశానేమో అన్నది ఒకటి. మీవారు మీతో మాట్లాడటం లేదన్నది ఇంకొకటి. మీ అబ్బాయి తనను తాను ‘స్నిచ్’ (చాడీలు చెప్పేవాడు) అనుకుంటూ గది తలుపు వేసుకుని కూర్చున్నాడన్నది అన్నింటికంటే పెద్దది. వాటి గురించే ఇక్కడ రాస్తున్నాను. మీ అనుమతితోనే, మిమ్మల్ని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చి.

పిల్లలు వాగుతారన్న మాట నిజమే. పదహారేళ్ల వయసులో నోటికొచ్చినట్టు మాట్లాడటం, నలుగురూ నవ్వితే ఇంకా రెచ్చిపోవడం మామూలే. చాట్‌లో కనిపించే ప్రతి చెత్త జోకుకీ పోలీసుల్ని పిలిస్తే ఊళ్లో పిల్లలెవరూ మిగలరు. కానీ మీరు చూసింది జోకు కాదు. ఫలానా చోటు అని ఫోటో ఉంది. ఫలానా రోజు అని ఉంది. ఆ రోజు జనం ఎక్కువ ఉంటారన్న లెక్క ఉంది. చంపినవాణ్ణి దేవుడిలా కొలవడం ఉంది. చేతికందే దూరంలో తుపాకీ ఉంది. వీటిలో ఏ ఒక్కటైనా కూర్చోబెట్టి మాట్లాడాల్సిన విషయమే. అన్నీ ఒకేచోట చేరాక అది ఇంట్లో తేల్చుకునే విషయం కాదు.

ఇలాంటివాళ్లు ఎవరికీ చెప్పకుండా, ఉన్నట్టుండి ఊడిపడతారని మనం అనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. ముందే ఎవరితోనో అంటారు. సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో 2015 జూన్ 17న ఒక ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు నల్లజాతివాళ్ల ఇమ్మాన్యుయేల్ చర్చిలోకి వెళ్లాడు. బైబిలు చదువుకుంటున్నవాళ్లు పక్కన కుర్చీ చూపించి కూర్చోమన్నారు. దాదాపు గంటసేపు వాళ్లతోపాటే కూర్చుని, అందరూ ప్రార్థనకు కళ్లు మూసుకున్నాక తొమ్మిది మందిని చంపాడు. తెల్లవాళ్ల దేశాన్ని కాపాడుతున్నానన్నది వాడి పిచ్చి. ఆ పని చేస్తానని అంతకు ముందే తాగిన మైకంలో ఒక స్నేహితుడితో అన్నాడు. ఆ స్నేహితుడు భయపడి తుపాకీ తీసి దాచాడు కూడా. తర్వాత తిరిగి ఇచ్చేశాడు. ఘోరం జరిగాక తెలిసిన విషయం చెప్పకుండా దాచాడని, ఎఫ్‌బీఐకి అబద్ధం చెప్పాడని కోర్టు అతనికి 27 నెలల జైలు వేసింది. అతను దుర్మార్గుడేం కాదు. స్నేహితుడి మీద చాడీ చెప్పలేకపోయాడు, అంతే. తుపాకీ దాచినంత ధైర్యం ఉన్నవాడికి ఫోన్ చేసే ధైర్యం చాలలేదు.

మీ అబ్బాయికి ఆ కథ మొత్తం చెప్పక్కర్లేదు. దానికి బదులు ఇంకోటి చెప్పండి.

2012 ఆగస్టు 5, ఆదివారం. విస్కాన్సిన్‌లో మిల్వాకీ పక్కన ఓక్ క్రీక్ అనే ఊరి గురుద్వారాలో లంగర్‌కి వంట జరుగుతోంది. ఆడవాళ్లు వంటింట్లో ఉన్నారు. ఇద్దరు చిన్నపిల్లలు బయట ఉన్నారు. కారులో దిగినవాడు తుపాకీ తీసి కాల్చడం వాళ్ల కంట పడింది. పిల్లలు లోపలికి పరిగెత్తి అరిచారు. వంటింట్లోవాళ్లు ఆ పిల్లల్ని లాక్కుని సామాన్ల గదిలో దూరి తలుపు వేసుకున్నారు. ఆ రోజు ఆరుగురు చనిపోయారు. ఒంట్లో కదలిక పోయి మంచాన పడ్డ ఇంకో పెద్దాయన ఎనిమిదేళ్లకి, 2020లో కన్నుమూశారు. పోలీసు అధికారి ఒకాయనకు పదిహేను తూటాలు తగిలినా బతికారు. కాల్చినవాడు నాజీ పాటలు పాడే బ్యాండ్ నడిపిన మాజీ సైనికుడు. ఆ పిల్లలు గనక బయటే నక్కి ఊరుకునుంటే చనిపోయినవాళ్ల లెక్క ఎక్కడ ఆగేదో. చూశారు, పరిగెత్తారు, చెప్పారు. మీవాడూ అదే చేశాడు. తేడా ఏమిటంటే వాడు చూసింది తుపాకీ పేలకముందు.

అమెరికా సీక్రెట్ సర్వీస్ 2021లో ఒక నివేదిక ఇచ్చింది. స్కూళ్ల మీద దాడికి పథకం వేసి, అది జరగకముందే దొరికిపోయిన 67 సంఘటనలు తీసుకుని, ఎలా దొరికారో చూశారు. కెమెరాలూ కంప్యూటర్లూ పట్టుకున్నవి తక్కువ. ఎక్కువగా తోటి పిల్లలే వచ్చి చెప్పారు. ‘స్నిచ్’ అన్న మాట ఎక్కడిదో గానీ, దాన్ని కనిపెట్టినవాడు ఏదో దాచాల్సినవాడే అయ్యుంటాడు.

మీవాడితో ఒక జాగ్రత్త. వాణ్ణి గూఢచారిని చేయకండి. ‘ఇంకేమన్నాడో కనుక్కో, చాట్‌లో ఉండి కూపీ లాగు’ అని పొరపాటున కూడా అనొద్దు. ఫోన్ లాక్కోకండి, లాక్కుంటే ఈసారి ఏం చూసినా మీకు చూపించడు. ఏడుస్తూ మీ దగ్గరికి తెచ్చాడంటే ఇన్నాళ్లూ మీరు ఆ ఇంట్లో ఏదో సరిగ్గా చేశారన్నమాట. ఒక్క స్నేహితుణ్ణి పోగొట్టుకున్నాడు వాడు. ఆ బాధ వేరే. దానికి రెండు రోజులు కాలేజీ దరఖాస్తుల ఊసెత్తకుండా ఉంటే చాలు.

ఇక మీవారి సంగతి. ఆయన్ని తిట్టడానికి నాకు మనసొప్పడం లేదు. పదిహేడేళ్లు క్యూలో నిలబడ్డవాడికి పోలీసు కారు చూస్తేనే గుండె జారుతుంది. టిప్ లైన్‌కి పేరు చెప్పక్కర్లేదని, ఫోన్ చేసినా మెసేజ్ పెట్టినా చాలని ఆయనకి తెలిసినట్టు లేదు, ఆ మాట చెప్పండి. భయం తగ్గుతుంది. కానీ ఆయన అన్న రెండో మాట ఉందే, ‘వాళ్లని, మనల్ని కాదుగా’ అన్నది, దాన్ని మాత్రం వదిలిపెట్టను.

2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేథ్‌లో ఏం జరిగిందో ఆయనకి గుర్తుండే ఉంటుంది. మన హైదరాబాద్ ఇంజనీరు, 32 ఏళ్లవాడు, ఆఫీసు అయ్యాక స్నేహితుడితో బార్‌లో కూర్చుంటే ఒకడు ‘నా దేశం నుంచి పొండి’ అని కాల్చి చంపాడు. పారిపోయి ఇంకో బార్‌లో, ఇద్దరు ఇరానీవాళ్లని కాల్చానని చెప్పుకున్నాడు. ఇరానీ అనుకున్నాడు! ఓక్ క్రీక్‌లో చనిపోయినవాళ్లు సిక్కులు. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో 51 మంది చనిపోతే, వాళ్లలో హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లున్నారు. క్రైస్ట్‌చర్చ్ చూసి ఊగిపోయిన ఒక పంతొమ్మిదేళ్ల నర్సింగ్ విద్యార్థి, తొమ్మిది రోజులకే కాలిఫోర్నియాలో ఎస్కాండీడో మసీదుకు నిప్పు పెట్టాడు. లోపల పడుకున్నవాళ్లు లేచి ఆర్పేశారు. ఇంకో ఐదు వారాలకి అదే కుర్రాడు పోవే అనే ఊళ్లో యూదుల ప్రార్థనాలయంలో కాల్పులు జరిపి ఒకామెను చంపాడు. మసీదుతో మొదలై సినగాగ్‌కి వెళ్లాడు. వీళ్ల జాబితాలో ‘వాళ్లు’ అనే గడి చాలా పెద్దది. అందులో మనకీ చోటుంది.

వీళ్లలో చాలామంది నోట వినిపించే ఒక కట్టుకథ ఉంది, గ్రేట్ రీప్లేస్‌మెంట్ అంటారు. బయటివాళ్లను దేశంలోకి దింపి, వాళ్ల సంతానం పెంచి, తెల్లవాళ్లను మైనారిటీ చేస్తున్నారన్నది దాని సారం. పిట్స్‌బర్గ్‌లో 2018 అక్టోబర్ 27న సినగాగ్‌లో పదకొండు మందిని చంపినవాడి కోపమంతా, యూదులు శరణార్థులకి సాయం చేస్తున్నారనే. ఆ కథలో హెచ్‌వన్‌బీ మీద వచ్చిన మీవారు కూడా ‘బయటివాడే’. ఇది రాస్తుంటే నాకే కాస్త సిగ్గుగా ఉంది. ఎందుకంటే ‘వాళ్ల జనాభా పెరిగిపోతోంది, కొన్నాళ్లకి మనం మైనారిటీ అయిపోతాం’ అని మన బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఫార్వర్డులది ఇదే అచ్చు. ఊరి పేరూ మతం పేరూ మారతాయి. మా చెల్లెలి కూతురి పెళ్లి కోసం పెట్టిన గ్రూపులో పెళ్లయిన ఆరు నెలలకీ అవే వస్తున్నాయి. నేనూ ఇన్నాళ్లూ చూసీ చూడనట్టు ఊరుకున్నదాన్నే. మీవాడు మీ ఇంటి గ్రూపుల్లో ఉన్నాడా? అయితే ఒకసారి పైకి స్క్రోల్ చేసి, వాడి కళ్లతో చదివి చూడండి.

‘వాళ్లమ్మకి ముందు చెప్పనా’ అని అడిగారు. మెయిల్‌లో వద్దన్నాను, కారణం రాసే తీరిక లేదప్పుడు. స్నేహితురాలని మీరు మెత్తగా చెబుతారు. ఆవిడ ఏ తల్లయినా అన్నట్టే ‘మావాడా? ఛ!’ అంటుంది. ఆ సాయంత్రం పిల్లాణ్ణి నిలదీస్తుంది. వాడు అన్నీ డిలీట్ చేసి, ఇంకో పేరుతో ఇంకో యాప్‌లో దూరతాడు, లేదా తొందరపడతాడు. బాబాయి ఇంట్లో తుపాకులు అలాగే ఉంటాయి. ఇలాంటి మాటలు ఎంతవరకు నిజమో తూచడానికి స్కూల్లో థ్రెట్ అసెస్‌మెంట్ టీమ్ అని ఉంటుంది. కౌన్సిలరు, ప్రిన్సిపల్, పోలీసు కలిసి కూర్చుంటారు. తుపాకులు తాళంలో ఉన్నాయా, వాటిని ఇంకో చోటికి మార్చాలా, పిల్లాడికి ఏం సాయం కావాలి అన్నవి వాళ్లు చూడాలి. మనం ఫోన్లో సర్దిచెప్పే విషయాలు కావు.

ఒక్కసారి చెప్పేసి చేతులు దులుపుకోవద్దని కూడా ఇక్కడే అనాలి. నార్వేలో 2019 ఆగస్టులో ఓస్లో దగ్గర ఒక మసీదు మీద దాడికి వచ్చినవాడి గురించి, ఏడాది ముందే అక్కడి భద్రతా సంస్థకు ఎవరో చెప్పారు. అది ముందుకు సాగలేదు. చివరికి మసీదులో ఉన్న అరవై ఐదేళ్ల పెద్దాయన ఒకరు, పాకిస్తాన్ వైమానిక దళంలో పనిచేసి రిటైరైనవారు, మీద పడి వాణ్ణి ఒడిసిపట్టుకోబట్టి మసీదులో ఎవరూ చావలేదు. అయితే వాడు అక్కడికి రాకముందే ఇంట్లో సవతి చెల్లెల్ని చంపి వచ్చాడు. న్యూజిలాండ్‌లోనూ అధికారులు సరిగ్గా చూడలేదు. క్రైస్ట్‌చర్చ్ హంతకుడి తుపాకీ లైసెన్సుకి ఇతను మంచివాడేనని హామీ ఇచ్చిందెవరంటే, ఆన్‌లైన్‌లో గేమ్ ఆడే ఒక స్నేహితుడూ, ఆ స్నేహితుడి ఇంట్లో పెద్ద ఒకరూ. పోలీసులు దాంతోనే సరిపెట్టుకున్నారు. ప్రభుత్వం వేసిన విచారణ కమిషన్ 2020లో ఆ తప్పు ఎత్తిచూపింది. కాబట్టి మీరు చెప్పినప్పుడు రిఫరెన్స్ నంబరు ఏదైనా ఇచ్చి ఉంటే రాసిపెట్టుకోండి. వారానికి ఒకసారి స్కూల్ కౌన్సిలర్‌ని ‘ఏమైంది’ అని అడగండి. వివరాలు చెప్పరు, చెప్పకూడదు కూడా. చూస్తున్నాం అన్న మాట వస్తే చాలు. రాకపోతే ఎఫ్‌బీఐ టిప్ లైన్ ఉండనే ఉంది. ఆ స్క్రీన్‌షాట్లు మాత్రం మీ కొలంబస్ తెలుగువాళ్ల గ్రూపులో పెట్టకండి, ‘జాగ్రత్త’ అని రాసి కూడా.

‘పిల్లాడి బతుకు పాడు చేశానా’ అన్నారు. ఆర్నో మైఖేలిస్ అనే మనిషి గురించి చెబుతాను. మిల్వాకీలోనే పెద్ద స్కిన్‌హెడ్ (తెల్లజాతి దురభిమానుల) ముఠా పెట్టిన వాళ్లలో ఒకడు. ఒంటిమీద స్వస్తిక టాటూ (మన గుమ్మం మీద వేసుకునేది కాదు, నాజీలది). ఒకరోజు మెక్‌డొనాల్డ్స్‌లో కౌంటర్ దగ్గర నల్లజాతి పెద్దావిడ అతని వేలి మీద ఆ గుర్తు చూసి, నువ్వు ఇంతకంటే మంచివాడివి నాయనా అన్నట్టు ఒక్క మాట అందట. ఆ మాట ఏళ్ల తరబడి వెంటాడిందని అతనే చెప్పుకుంటాడు. ముఠా వదిలేశాడు. తర్వాత ఓక్ క్రీక్ గురుద్వారాలో తండ్రిని పోగొట్టుకున్న పర్దీప్ సింగ్ కలేకాతో కలిసి స్కూళ్లు తిరిగి పిల్లలతో మాట్లాడటం మొదలుపెట్టాడు. అంత లోతుకి వెళ్లినవాడే తిరిగొచ్చాడు. మీ ఇంట్లో దోసెలు తిన్నవాడికి పదహారేళ్లే. బయటపడ్డవాళ్లే మొదలుపెట్టిన లైఫ్ ఆఫ్టర్ హేట్ లాంటి సంస్థలు అమెరికాలో ఉన్నాయి, కుటుంబాలతోనూ మాట్లాడతాయి. కానీ తిరిగి రావాలంటే ముందు ఎవరూ చావకూడదు కదా. శుక్రవారం తర్వాత ఆ పిల్లాడికి ఏ కౌన్సిలరూ అక్కరకు రాడు. మీరు ఫోన్ చేసింది మసీదుకి వెళ్లేవాళ్ల కోసమే కాదు.

మీ గుడి భద్రత సంగతి కూడా మీ జవాబు చివర్లో ఒక లైనులో అడిగారు. పెద్దగా చెప్పను. జర్మనీలో హాలె అనే ఊళ్లో 2019 అక్టోబర్ 9న, యూదుల పవిత్రమైన యోమ్ కిప్పూర్ రోజున, సాయుధుడు సినగాగ్ తలుపు మీద కాల్చాడు. లోపల యాభై మందికి పైగా ఉన్నారు. తలుపు గట్టిది, తెరుచుకోలేదు. లోపలివాళ్లందరూ బతికారు, కోపంతో వాడు బయట ఇద్దరిని చంపాడు. పిట్స్‌బర్గ్ సినగాగ్ రబ్బీ, అంటే యూదుల గురువు, సబ్బాత్ అనే శనివారపు విశ్రాంతి రోజున ఫోన్ ముట్టుకోకూడదు. అయినా భద్రతా సలహాదారు పోరితే జేబులో పెట్టుకున్నారు. ఆ ఫోన్‌తోనే 911కి చేయగలిగారు. మీ గుడి కమిటీలో గర్భగుడి గ్రానైట్ ఎక్కడినుంచి తెప్పించాలని రెండేళ్లు మాట్లాడుకునే బదులు, వెనక తలుపు పండగ రోజు తాళం వేసి ఉంటుందా లేదా, తాళంచెవి ఎవరి దగ్గరుంది, వంటింట్లోంచి బయటికి దారి ఉందా అన్నవి ఒకసారి చూసుకోండి. ప్రార్థనాలయాలకి ఇలాంటివాటికి అమెరికా విపత్తుల సంస్థ ఫెమా గ్రాంటు ఇస్తుంది, గుళ్లూ పెట్టుకోవచ్చు. పెట్టుకునేటప్పుడు ఆ మసీదువాళ్లని అడగండి, దరఖాస్తు ఎలా నింపాలో వాళ్లకి మనకంటే బాగా తెలిసి ఉంటుంది. ఎందుకు తెలుసుకోవాల్సి వచ్చిందో వేరే చెప్పాలా.

ఇవాళో రేపో ఆ పిల్లాడి తల్లికి విషయం తెలుస్తుంది. చెప్పింది మీరేనని ఊహిస్తుంది కూడా, ఊళ్లో ఆవిడకి మీకంటే దగ్గరివాళ్లు లేరు కాబట్టి. అరుస్తుందేమో, ఏడుస్తుందేమో. మీరు వాదించకండి, సంజాయిషీ చెప్పుకోకండి. ఫోన్ మోగినప్పుడు మాత్రం ఎత్తండి.